స్వయంపోషక ఉద్యోగి

మా పరిశోధన సంస్థలో ఏ సెమినారు జరిగినా డైరెక్టరు గారు వస్తారు. జ్యోతి వెలిగిస్తారు. ముందు వరుసలో కూర్చుని మొదటి స్లైడు పూర్తిగా చదువుతారు. తర్వాత ఇంకో హాల్లో ఇంకో జ్యోతి వెలిగించడానికి లేచి వెళ్లిపోతారు. పదేళ్లుగా ఇదే పద్ధతి. అందుచేత మా సంస్థ విధానాలన్నీ మొదటి స్లైడుల మీదే కట్టినవి. ‘ఎలుకలు చీకట్లో చురుగ్గా ఉంటాయి’ అనే స్లైడు చూసిన ఏడాది కారిడార్లలో సగం దీపాలు తీసేశారు. మనుషులు అలా ఉండరన్న సంగతి రెండో స్లైడులో ఉంది.

ఆగస్టులో ఒక గురువారం మార్త అనే పరిశోధక విద్యార్థిని సెమినారు ఇచ్చింది. నర్సీపట్నం పిల్ల. నేలమాళిగలో ఉన్న ల్యాబులో నాలుగేళ్లుగా మాస్ట్ కణాలు పెంచుతోంది. ఈ కణాలు మన చర్మంలో, ముక్కు లోపలి పొరల్లో కాపలా కూర్చుంటాయి. దోమ కుట్టిన చోట దద్దురు లేచేదీ, దుమ్ము తగిలితే తుమ్ములు వచ్చేదీ వీటి వల్లే. వాటిని ఒంట్లోంచి తీసి గాజు పాత్రలో బతికించాలంటే పెరుగుదల కారకం అనే పదార్థాన్ని చుక్కలు చుక్కలుగా పోస్తూ ఉండాలి. ఆమె మొదటి స్లైడు మీద ఇలా ఉంది: ‘మానవ మాస్ట్ కణాలు తమ పెరుగుదల కారకాన్ని తామే తయారు చేసుకుంటాయి.’

డైరెక్టరు సేనాపతి గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. ఆహ్వానపత్రం వెనక ఏదో రాసుకున్నారు. లేచారు. ఆయన లేవగానే హాలంతా టీకి లేచింది. మార్త రెండో స్లైడు వేసింది. ‘అయితే అది చాలదు’ అని ఉంది. హాల్లో అప్పటికి నేనొక్కణ్నే ఉన్నాను.

నేను ఆ సంస్థలో కౌన్సెలర్ని. మనస్తత్వశాస్త్రం చదివాను. ఉద్యోగుల మనసులో బరువులు విని తగ్గించడం నా పని. నా గది మూడో అంతస్తు చివర, నీళ్ల ట్యాంకుకు వెళ్లే మెట్ల పక్కన ఉంది. తొమ్మిదేళ్లలో పట్టుమని పదిమంది రాలేదు, వచ్చినవాళ్లలో ముగ్గురు బాత్రూం అనుకుని వచ్చారు. నాకది లోటనిపించలేదు. మనిషి తనకు కావలసింది తనలోంచే తోడుకోగలడని నా నమ్మకం. ఒక్కణ్నే ఉంటాను, ఒక్కణ్నే తింటాను. సాయంత్రాలు నాతో నేను వాదించుకుంటాను, ఎక్కువసార్లు ఓడిపోతాను. గెలిచిన వాడూ నేనే కాబట్టి బాధ ఉండదు.

సోమవారం సర్క్యులరు వచ్చింది.

‘ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, కంటికి కనిపించని ఒక కణమే తన పోషణ తాను చూసుకోగలుగుతున్నప్పుడు, అటువంటి కణములు కోట్లాదిగా కలిగిన ఉద్యోగి ఇతరులపై ఆధారపడుట శోచనీయము. కావున నేటి నుంచి ఈ సంస్థలో స్వయంపోషణ విధానము అమలగును. ప్రశంస, ప్రోత్సాహము, మార్గదర్శనము, ఓదార్పు మున్నగు పెరుగుదల కారకములను ఎవరూ ఎవరికీ సరఫరా చేయరాదు. ప్రతి ఉద్యోగి ఉదయం పది గంటలకు తన్ను తాను ప్రశంసించుకుని రిజిస్టరునందు సంతకము చేయవలెను. మాస్ట్ కణములకు స్టోర్సు నుంచి కారకము ఇచ్చుట తక్షణము నిలిపివేయడమైనది.’

ఆ మధ్యాహ్నమే డైరెక్టరు గారు నా గదికి వచ్చారు. రావడం అదే మొదలు. వెంట పి.ఏ. కూడా ఉన్నాడు.

“మీరు ఎవరితో మాట్లాడుతుంటారు?” అని అడిగారు.

“అవసరమైతే నాతోనే అండి.”

“భోజనం?”

“ఒక్కణ్నే.”

“ఎవరైనా మిమ్మల్ని మెచ్చుకుని ఎన్నాళ్లయింది?”

జ్ఞాపకం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఆయన ఓపిగ్గా ఎదురుచూసి, నేనింకా ఆలోచిస్తుండగానే పి.ఏ. వైపు తిరిగారు. “రాసుకోండి. ప్రకృతిసిద్ధంగా లభించిన నమూనా.”

మర్నాటికి కింది హాల్లో నా ఫోటో వెలసింది. దాని కింద ‘స్వయంపోషక ఉద్యోగి’ అని ఉంది. తొమ్మిదేళ్లుగా నాలో ఏదో లోపం ఉందేమోనని లోలోపల అనుమానపడిన విషయం నా అర్హత అని తేలింది. మనసు తేలికైంది. నా మనసు ఎంత తేలిగ్గా తేలికవుతుందో చూసి కొంచెం సిగ్గు కూడా పడ్డాను. రోజూ పదకొండు గంటలకు ఒక విభాగానికి వెళ్లి, నమూనాగా కనిపించి, స్వయంపోషణ ఎలా సాగుతోందో తనిఖీ చేసి రావాలని నాకు ఉత్తర్వు వచ్చింది.

మొదట మార్త ల్యాబుకు వెళ్లాను, విధానానికి పుట్టిల్లు కదా అని.

ఆమె సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. “ఫోటో బాగా పడిందండి, మాస్టారూ” అంది. అది ప్రశంసో ఎత్తిపొడుపో రిజిస్టరులో రాయడానికి వీల్లేకుండా ఉంది.

“కణాలు ఎలా ఉన్నాయి?”

“చూడండి.”

చూశాను. గుండ్రంగా, లోపల ఆవాలు పోసినట్టు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. పదకొండు వారాల క్రితం బొడ్డుతాడు రక్తం నుంచి మొదలుపెట్టి ఇంతవరకూ తెచ్చిందట.

“నా దగ్గరున్న కారకం మూడు వారాలకే వస్తుంది. కొత్త సీసా స్టోర్సులో ఉంది. ఇవ్వరు. ఇవి పోతే మళ్లీ మొదలుపెట్టాలి, మళ్లీ పదకొండు వారాలు. డిసెంబరుతో నా ఫెలోషిప్ అయిపోతుంది. ఇక నేను ఇంటికే.”

“తామే తయారు చేసుకుంటాయి కదా?”

“రెండో స్లైడు చూసినాయన మీరొక్కరే. మీరు కూడా అలా అంటే ఎలాగండి?”

ఆమె ఒక తెల్లకాగితం మీద చుక్కలు పెట్టి వివరించింది. ఒక్కో కణం కొద్దిగా కారకం చేసి బయటికి వదులుతుంది. అది చుట్టూ ఉన్న నీళ్లలో కలుస్తుంది. పక్కపక్కనే గుంపుగా ఉంటే అందరూ వదిలింది అందరికీ అందుతుంది, కొన్నాళ్లు గడుస్తాయి. ఒక కణాన్ని విడిగా పెడితే అది వదిలింది నీళ్లలో పలచబడిపోతుంది, తిరిగి దానికే అందదు. రెండు మూడు రోజుల్లో పోతుంది.

“తమకు తామే అని రాశాను గానీ, ఏ కణం చేసింది ఏ కణం తాగుతోందో నాకైతే తెలీదు మాస్టారూ. వాటికి మాత్రం తెలుసా ఏంటి?”

తనిఖీ రిజిస్టరులో ‘చర్చ: ఏమీ లేదు’ అని రాసి పైకి వచ్చాను. మర్నాడు పదకొండింటికి ఇంకో విభాగానికి వెళ్లాలి. కాళ్లు నేలమాళిగకే వెళ్లాయి. శాస్త్రీయంగా ఒకే నమూనాను పదేపదే పరిశీలించడం మంచిదని నాకు నేను చెప్పుకున్నాను.

మొదటి వారంలోనే విధానం ఊపందుకుంది. విద్యార్థులకు గైడ్లను రద్దు చేశారు. ఒక కుర్రాడు తన వైవా తానే నిర్వహించుకున్నాడు. ప్రశ్న అడిగి, లేచి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుని జవాబు చెప్పి, మళ్లీ వెళ్లి వినేవాడు. నిజాయితీపరుడు, చివరికి తనను తానే ఫెయిల్ చేసుకున్నాడు. క్యాంటీన్లో బల్లలు తీసేసి, ఒక్కొక్క కుర్చీని గోడ వైపు తిప్పి వేశారు. ‘ఇంకొంచెం వేసుకోండి’ అనడం నిషిద్ధమని చట్నీ గిన్నె పైన బోర్డు పెట్టారు. తోటకు నీళ్లు ఆపారు. క్రోటన్ మొక్కలు ఆకులు రాల్చడం మొదలుపెడితే, స్వయంపోషణకు మారే దశలో ఇది సహజమని ఇంకో బోర్డు వెలిసింది. గేటు దగ్గర కాపలాదారు తనకు తాను సెల్యూట్ చేసుకోవాలి. పాపం, అద్దం లేక ఇబ్బంది పడుతున్నాడని అద్దం ఇచ్చారు.

లైబ్రేరియన్ గారి తల్లి పోయింది. ఆయన మూడు రోజుల తర్వాత వచ్చేసరికి బల్ల మీద స్వయం ఓదార్పు ఫారం ఉంది. అందులో ఫలితం అన్న గడిలో ఆయన ‘పాక్షికం’ అని రాశారు. వివరణ కోరుతూ మెమో వచ్చింది. ఆ ఫారాలన్నీ నమూనా ఉద్యోగిగా నేను సమీక్షించాలి. అది చదివి నాకు ఆయన గదికి వెళ్లాలనిపించింది. తలుపు దాకా వెళ్లి ఆగాను. కౌన్సెలర్ ఓదారిస్తే సరఫరా కిందికి వస్తుంది. లోపల ఆయన ముక్కు చీదుకోవడం వినిపించింది. నేను బయట నిలబడి ఉన్నానని ఆయనకు తెలిసిందో లేదో. ఒక పావుగంట నిలబడి ఉంటాను. దాన్ని ఏ గడిలో రాయాలో ఇప్పటికీ తెలియదు.

రెండో వారంలో జెరాక్స్ గదిలో ఇద్దరు గుమాస్తాలు పట్టుబడ్డారు. ఒకామె ఇంకొకామె చీర బాగుందని అన్నది. అంచు మాత్రమే బాగుందన్నానని ఆమె వాదించింది. శిక్ష తగ్గలేదు.

నా సంగతి చూసుకుంటే, ఉదయం పది నలభైకి నేను తల దువ్వుకుంటున్నానని గమనించాను. ఇది కొత్త. వృత్తిరీత్యా దీన్ని విశ్లేషించాను. తనిఖీ అధికారికి శుభ్రత అవసరం అని తేల్చాను. ఆదివారం పదకొండింటికి ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉన్నవాణ్ని, వేళ దాటిపోతున్నట్టు లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాను. దాన్ని కూడా విశ్లేషించబోయాను గానీ, ఆ పూట నాతో నేను మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు.

మూడో వారం సోమవారం మార్తతో కలిసి స్టోర్సుకు వెళ్లాను. స్టోరుకీపరు పైడినాయుడిది శ్రీకాకుళం వైపు. ఇరవై ఆరేళ్లుగా ఆ కౌంటరు వెనకే ఉన్నాడు.

“నాయుడు గారూ, ఒక్క సీసా” అంది మార్త.

“సీసా నాకాడే ఉందమ్మా. సల్లగా, బద్రంగా ఉంది. ఇవ్వాలనే ఉంది నాకూని. కాయితం లేకండా ఇచ్చీసినాననుకో, నన్ను నేనే సస్పెండు సేసుకోవాలంట. కొత్త రూలు. సస్పెన్సన్ ఆర్డరు నేనే టైపు సేసుకోవాల. నాకు టైపు రాదు.”

“కణాలు చచ్చిపోతాయండి.”

“అలాగనీసి రాసీ అమ్మా, పైకి పంపిస్తాను. పైనుంచి కిందకి ఒచ్చినప్పటికి అయి ఉంటాయో ఉండవో.” నా వైపు తిరిగాడు. “తమరేటి మాస్టారూ, ఫోటో ఎక్కీసినారు గదా. తమరు సెప్తే ఇనరా?”

నేను చెబితే వింటారన్నది నిజమే. స్వయంపోషణ సాధ్యం కాదని నేను చెప్పాలి, అంతే. అప్పుడు ఫోటో ఉండదు. నేను కౌంటరు మీది రిజిస్టరు వైపు తల తిప్పుకున్నాను. మార్త ఖాళీ చేతులతో వెనక్కి తిరిగింది. ఆమె అడగకపోవడం నన్ను ఇబ్బంది పెట్టింది.

బుధవారం మరో ఉత్తర్వు. విధానాన్ని పరిశీలించి రాష్ట్రమంతటా అమలుకు సిఫారసు చేయడానికి ఉన్నత స్థాయి సంఘం శుక్రవారం వస్తోంది. తొంభై ఆరు గుంటలున్న పళ్లెంలో గుంటకొక కణం చొప్పున పెట్టి, ప్రతి గుంటకూ పేరుపట్టీ అంటించి ప్రదర్శించాలి. ‘గుంపులో నున్న కణములు ఒకదాని నొకటి ప్రోత్సహించుకొను ప్రమాదము గలదు గనుక, సంఘము ఆమోదము తెలిపిన వెంటనే మిగిలిన కణములన్నిటినీ పెద్ద పాత్రలలో పలచగా పోసి, ఒకటి మరొకదానికి తగలకుండ ఉంచవలెను.’

“అలా పోస్తే సోమవారానికి ఒక్కటీ ఉండదు” అంది మార్త. ఆమె దగ్గర అప్పటికి శుక్రవారం ఉదయానికి సరిపడే చుక్క మిగిలింది.

శుక్రవారం సంఘం వచ్చింది. అధ్యక్షురాలు ప్రొఫెసర్ వేదవల్లి గారు. రిటైరై చాలా ఏళ్లయింది, తెల్లటి జుట్టు, చేతిలో గుడ్డ సంచి. మిగతా ఇద్దరు సభ్యులు జీడిపప్పు ప్లేటుకు దగ్గరగా కూర్చున్నారు. డైరెక్టరు గారు పళ్లేన్ని తానే పట్టుకొచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టారు.

ఒక సభ్యుడు చూశాడు. “బతికే ఉంది.”

“ఎవరి సాయమూ లేకుండా” అన్నారు డైరెక్టరు గారు.

“గంట క్రితం పెట్టాను సార్” అంది మార్త. “ఆదివారం చూస్తే తెలుస్తుంది.”

“ఆదివారం సెలవు” అన్నాడు సభ్యుడు.

“అంచేత సంఘము నేడు చూసినదే ప్రమాణము” అన్నారు డైరెక్టరు గారు. “ఇక మానవ నమూనా.”

నన్ను మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీకి నాలుగు వైపులా మూడేసి అడుగుల ఖాళీ ఉండేలా సున్నంతో గీత గీశారు. గీత అవతల, తలుపు దగ్గర మార్త నిలబడి ఉంది. నేను సరేనంటే సాయంత్రం ఆమె తన చేత్తోనే మిగిలిన కణాలున్న ఫ్లాస్కును పెద్ద పాత్రల్లోకి వంపాలి.

వేదవల్లి గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. “ఎలా ఉన్నారు నాయనా?”

ఆ ప్రశ్నే మా సంస్థలో నిషిద్ధం. డైరెక్టరు గారు ఇబ్బందిగా కదిలారు.

“బాగున్నానండి.”

“మూడు వారాల క్రితం కంటే?”

“అప్పటి కంటే బాగున్నాను.”

డైరెక్టరు గారి ముఖం వెలిగింది. పి.ఏ. రాసుకున్నాడు.

“ఎందుచేత?” అన్నారామె.

సూటి ప్రశ్న. జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది, రిజిస్టరులో పదిహేను పేజీలు నిండా రాసి పెట్టుకున్నాను. నోరు తెరిచాను. ఆ పేజీల్లో లేని మాట బయటికి వచ్చింది.

“రోజూ పదకొండింటికి కింది ల్యాబుకు వెళ్తానండి” అన్నాను.

“దేనికి?”

“మొదట్లో తనిఖీకి.”

“తర్వాత?”

“వెళ్లకపోతే ఉండలేక.”

“వెళ్లి ఏం చేస్తారు?”

“కణాలు ఆ రోజు ఎలా ఉన్నాయో మార్త గారు చెబుతారు. నేను వింటాను. వినేవాడున్నాడని ఆవిడకి కాస్త బాగుంటుందనుకుంటాను. ఆవిడకి బాగుందని నాకు బాగుంటుంది.”

“అది తనిఖీ విధులలో అంతర్భాగము” అన్నారు డైరెక్టరు గారు.

“కాదండీ. మొన్న ఆవిడ నా చొక్కా బాగుందన్నారు. నేను రిజిస్టరులో రాయలేదు.” ఇక ఆగడం కుదరలేదు. “అంతకు ముందు తొమ్మిదేళ్లూ నేను బాగున్నాననుకున్నాను. నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి అలా అనుకోవడం కుదిరింది. నేను నమూనాగా పనికిరానండి. పళ్లెంలో ఆ కణాలు కూడా పనికిరావు.”

సభ్యుడు నమలడం ఆపాడు.

“నమూనా కలుషితమైంది” అన్నారు డైరెక్టరు గారు, మెల్లగా. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. ఆయన్ని ఎవరైనా ఓదారిస్తే బాగుండునని కూడా నాకు ఆ క్షణంలో అనిపించింది.

“నమూనా కలుషితమైతే ప్రయోగం ఏమవుతుంది?” అని అడిగారు వేదవల్లి గారు.

“చెల్లదు.”

“చెల్లని ప్రయోగం మీద పెట్టిన విధానం?”

ఇలాంటి చోట మామూలు మనిషి ఓడిపోతాడు. డైరెక్టరు గారు పరిపాలకుడు. “విధానమునకు భంగము లేదు” అన్నారు. “కాలుష్యము సోకిన వారికి తాత్కాలిక మినహాయింపు ఇవ్వవచ్చును. సదరు ల్యాబును, సదరు ఉద్యోగిని కలుషిత కేంద్రములుగా ప్రకటించి, శుద్ధి యగు వరకు వారికి కావలసిన కారకములను స్టోర్సు ద్వారా సరఫరా చేయించెదము.”

“శుద్ధి ఎప్పటికవుతుంది?”

“అది నిర్ణయించుటకు ఒక సంఘము వేయవలసి యుండును.”

“వేయండి, తొందరేమీ లేదు” అన్నారు వేదవల్లి గారు. జీడిపప్పు ప్లేటులో మిగిలినవి మార్త చేతిలో పోసి, గుడ్డ సంచి తీసుకుని లేచారు.

మధ్యాహ్నం రెండింటికి మినహాయింపు ఉత్తర్వు మీద సంతకాలయ్యాయి. హాల్లో నా ఫోటో తీసేశారు. గోడ మీద దాని మేరకు తెల్లటి చదరం మిగిలింది. నేను నా గదిలోకి వచ్చి కూర్చున్నాను. నాతో నేను ఏదైనా అనుకుందామని చూశాను గానీ, ఇద్దరం అలిసిపోయి ఉన్నాం.

మూడున్నరకు పైడినాయుడు తలుపు తోసుకుని వచ్చాడు. చంకలో రిజిస్టరు, చేతిలో ఖాళీ ఐసుపెట్టె.

“ఆయమ్మకి సీసా ఇచ్చీసినాను మాస్టారూ. మూత తీసి, నా ఎదురుగానే సుక్కలు ఏసింది. ఏసీసి ఏడిసింది. రిజిస్టరు మీద సంతకం పెట్టమంటే ఆ నీల్లు పడీసి సిరా అలికీసింది. ఇక సూడండి, ఏ ఆడిటోడైనా అడుగుతాడు ఇదేటని.”

“కణాలు?”

“ఉన్నాయంట. అన్నీ ఒక్కకాడే ఉన్నాయంట.” పేజీ తిప్పాడు. “ఇంక తమరి ఇండెంటు. రోజుకి రెండు మంచి మాటలు, స్టోర్సు నించి ఇవ్వాలంట. నా సర్వీసులో ఈ సరుకు ఎప్పుడూ ఇష్యూ సేయలేదు. ఎలాగిస్తారో తెల్దు.”

“ఏదో ఒకటి చెప్పండి, సంతకం పెట్టేస్తాను.”

అతను గదంతా చూశాడు. “గది సుబ్రంగా ఉంది.”

“అది గదిని అన్నట్టు.”

“అవును గదా.” నన్ను తేరిపార చూశాడు. గడ్డం గోక్కున్నాడు. “ఉన్నపలంగా ఏటి సెప్తాం మాస్టారూ, తెలిసిన మనిసైతే గదా. తొమ్మిదేళ్లలో తమరు స్టోర్సుకి ఒచ్చింది మొన్న ఒక్కసారే. కాసేపు కూకోనా? ఆలోసించి సెప్తాను.”

“కూర్చోండి.”

కూర్చున్నాడు. మోకాలు నొక్కుకున్నాడు. మెట్లెక్కితే కుడి మోకాలు పట్టేస్తోందన్నాడు. ఏ మందు రాస్తున్నారని అడిగాను. మందు పేరు చెప్పి, అది పనిచేయదనీ అయినా వాసన బాగుంటుందని రాస్తాననీ అన్నాడు. అక్కణ్నుంచి మాట వాళ్ల ఊరి జీడితోటలోకి వెళ్లింది, తుపానులో పడిపోయిన చెట్లలోకి వెళ్లింది, చెప్పకుండా పెళ్లి చేసుకున్న తమ్ముడి దగ్గర కొంతసేపు ఆగింది. ఇంతవరకు ఆ తమ్ముడి సంగతి ఎవరికీ చెప్పలేదన్నాడు. నేను మా నాన్న గురించి ఒకటి చెప్పాను. అది నాకు గుర్తుందని నాకే తెలియదు.

కింద కారు హారన్ మోగితే ఉలిక్కిపడి లేచాడు. స్టోర్సు మూసే వేళ అయిపోయింది. రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టాడు. ‘ఇచ్చిన పరిమాణం’ అన్న గడి ఖాళీగా ఉంది.

“మాటల్లో పడీసి మరిసిపోనాను. రెండిట్లో ఒక్కటీ ఇవ్వనేదు. స్టాకు నేదని రాసీమంటారా మాస్టారూ?”

“ముట్టినట్టు రాయండి” అని సంతకం పెట్టాను.